డిగ్రీ క్లాసులో తెలుగు వ్యాకరణం: చీటీలతో, కంప్యూటర్‌తో ఆడిస్తూ నేర్పడం ఎలా

"సార్, వాడు ఫోనెత్తట్లేదు" అని చెప్పిన అమ్మాయినే "ఉత్వసంధికి ఒక ఉదాహరణ చెప్పమ్మా" అని అడిగి చూడండి. నేల చూపులు చూస్తుంది. అరనిమిషం ముందు ఆమె నోట వచ్చింది ఉత్వసంధే. ఫోను, ఎత్తట్లేదు అనే రెండు మాటల్ని కలిపి, మధ్యలోని ఉకారాన్ని తీసేసి మరీ పలికింది. డిగ్రీకి వచ్చిన తెలుగు పిల్లలకు సంధి చేయడం వచ్చు. చేస్తున్నది సంధి అని మాత్రం తెలియదు. సూత్రం పుస్తకంలో ఉంటుందని, మాట నోట్లో ఉంటుందని, ఆ రెండింటికీ సంబంధం లేదని అనుకుంటారు.

ఆ సంబంధం చూపించడానికి నేను చీటీల ఆటలు, కంప్యూటర్ ల్యాబు వాడుతున్నాను. తెలుగును రెండో భాషగా చదివే బీకాం, బీఎస్సీ, బీసీఏ పిల్లల దగ్గర పనికొచ్చిన పద్ధతి ఇది. వరసగా చెబుతాను. మీ క్లాసుకు తగ్గట్టు మార్చుకోండి.

ముందుగా: ఆటను ఎలా ఎంచుకోవాలి

మొదట్లో నేను ఫోన్లో క్విజ్ పెట్టేవాణ్ణి. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి నాలుగు జవాబులు, తెర మీద మార్కులు. క్లాసంతా హుషారే. మర్నాడు అవే పదాల్లోంచి ఐదు బోర్డు మీద రాసి విడదీయమంటే, ముందురోజు ఫస్టు వచ్చిన కుర్రాడు రెండే చేయగలిగాడు. నిన్న ఎలా చేశావు నాన్నా అని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు: "దీర్ఘం కనపడితే సవర్ణదీర్ఘం నొక్కేశాను సార్." అందులో వాడి తప్పు లేదు. ఆ ఆటలో గెలవడానికి సంధి తెలియక్కర్లేదు, వేలు చురుగ్గా కదిలితే చాలు. అలాంటి ఆట పెట్టింది నేను.

అప్పట్నుంచి ఏ ఆటనైనా క్లాసుకు తీసుకెళ్ళే ముందు ఒకటే చూసుకుంటాను. వ్యాకరణం తెలియకుండా ఇందులో గెలవొచ్చా? గెలవగలిగితే దాన్ని మార్చాలి, లేదా మానేయాలి. మార్చడం పెద్ద పనేమీ కాదు. నాలుగు జవాబుల్లోంచి ఒకటి నొక్కమనే బదులు విడదీసి టైపు చేయమనండి. లేదా ఒక సంధి పేరు ఇచ్చి, పాఠంలో లేని ఉదాహరణ ఒకటి రాయమనండి.

రెండో సంగతి, సమయం. యాభై నిమిషాల పీరియడ్‌లో ఆట ఇరవై, ఇరవై ఐదు నిమిషాలకు మించకూడదు. పావుగంట తప్పనిసరిగా 'ఎందుకు' అన్న మాటకు ఉంచండి. ఈ పదం ఎందుకు కలిసింది, అది ఎందుకు కలవలేదు, ఫలానా గ్రూపు ఎందుకు తప్పింది అన్న చర్చ అప్పుడే జరగాలి. ఆట రసపట్టులో ఉన్నప్పుడు ఆపితే పిల్లలు గోల చేస్తారు, అయినా ఆపండి. చివరి ఐదు నిమిషాల్లో ప్రతి ఒక్కరూ ఒక చిన్న కాగితం మీద తమ సొంత ఉదాహరణ ఒకటి రాసి ఇవ్వాలి. గ్రూపులో వెనక కూర్చుని మాట్లాడనివాళ్ళకు ఎంత అర్థమైందో ఆ కాగితాలే చెబుతాయి.

మొదటి ఆట: సంధి చీటీలు

దీనికి కంప్యూటర్ అక్కర్లేదు. పాత శుభలేఖలు పోగుచేయండి. అట్ట గట్టిగా ఉంటుంది, వెనకవైపు తెల్లగా ఉంటుంది. ఒక్కోదాన్ని నాలుగు ముక్కలు చేస్తే పేకముక్క అంత చీటీ వస్తుంది. ఇరవై చీటీల మీద మొదటి పదాలు నీలం సిరాతో, ఇరవై చీటీల మీద రెండో పదాలు ఎర్ర సిరాతో రాయండి.

పదాల ఎంపికలోనే అసలు పనంతా ఉంది. పాఠ్యపుస్తకంలోని ఉదాహరణలు సగం, పిల్లలు రోజూ అనే మాటలు సగం ఉండాలి. బస్సు, ఎక్కాం. ఫోను, ఎత్తాడు. ఏమి, అంది. కూర, కాయలు. తల్లి, తండ్రి. పేద, ఆలు. నిలువు, అద్దం. చిగురు, ఆకు. మేన, అల్లుడు. ప్రతి, ఏకం. మహా, ఉత్సవం. జగత్, ఈశుడు. వీటితోపాటు రెండు మూడు చిక్కు జతలు కావాలని పెట్టండి. ఉదాహరణకు వచ్చి, ఇచ్చెను. క్త్వార్థకమైన ఇకారానికి, అంటే వచ్చి, చేసి లాంటి అసమాపక క్రియల చివరి ఇకారానికి, సంధి లేదని సూత్రం. కాబట్టి అది 'వచ్చియిచ్చెను' అవుతుంది. కలిసిపోతుందనుకుని గబుక్కున కలిపేసినవాళ్ళు అక్కడ ఆగి ఆలోచిస్తారు.

నలుగురైదుగురికి ఒక గ్రూపు. నీలం చీటీలు బల్ల మీద పరిచి పెట్టాలి, ఎర్రవి పంచాలి. వంతు వచ్చినవాళ్ళు తమ చేతిలోని ఎర్ర చీటీని ఏదో ఒక నీలం చీటీ పక్కన పెట్టి, కలిపిన మాటను గట్టిగా పలకాలి. పలికింది సరైతే ఒక మార్కు. సంధి పేరు చెబితే ఇంకో రెండు. అదే సంధికి క్లాసులో ఎవరూ అప్పటిదాకా చెప్పని ఉదాహరణ చెబితే మరో మూడు. మార్కులన్నీ మూడో మెట్టు వైపు పెరగడం చూశారు కదా, అది కావాలని పెట్టిందే. పేరు బట్టీ పట్టినవాళ్ళకన్నా సొంతంగా మాట వెతికినవాళ్ళకు ఎక్కువ రావాలి.

పక్కవాళ్ళకు తప్పనిపిస్తే "ఆక్షేపణ" అనవచ్చు. ఎందుకో చెప్పాలి. ఆక్షేపణ నిలబడితే ఆ చీటీలు వాళ్ళవి, నిలబడకపోతే వాళ్ళకో మార్కు పోతుంది. తేలకపోతే ఫోన్లో ఆంధ్రభారతి నిఘంటువు తెరిచి చూడమనండి. మిమ్మల్ని అడగడం చివరి దారి కావాలి.

నిలువు, అద్దం వచ్చినప్పుడు ఏం జరుగుతుందో దగ్గర్నుంచి చూడండి. ఉత్వసంధి అప్పటికే బాగా వంటబట్టిన పిల్లలు 'నిలువద్దం' అంటారు. ఎవరో ఒకరు "మా ఇంట్లో నిలువుటద్దం అంటారే" అంటారు. సరిగ్గా అప్పుడు చెప్పాలి: కర్మధారయంలో, అంటే విశేషణం నామవాచకంతో కలిసిన సమాసంలో, ఉకారం మీద అచ్చు వస్తే మధ్యలో 'ట' వచ్చి చేరుతుంది, దాన్నే టుగాగమం అంటారు అని. ఆ తర్వాత చిగురు, ఆకు చీటీలు చూపించండి. చిగురుటాకు, చిగురాకు రెండూ ఒప్పే. కర్మధారయం అన్న మాట విని అంతకుముందు మొహం ముడుచుకున్న పిల్లలే, ఇప్పుడు తమ తగాదా తీర్చుకోవడానికి దాన్ని వాడుకుంటారు.

గసడదవాదేశానికి ఒక పూట మొత్తం ఇచ్చినా దండగ కాదు. కచటతపలు గసడదవలుగా మారతాయని అందరూ గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతారు. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. మరి అక్క, చెల్లెలు కలిస్తే? అందరూ అక్కచెల్లెళ్ళనే అంటారు, 'అక్కసెల్లెళ్ళు' అని మన వాడుకలో వినపడదు. సూత్రం ఒక దారి చూపిస్తుంటే జనం నోరు ఇంకో దారిన పోతోంది. ఎందుకు పోయిందో పిల్లల్నే ఊహించమనండి. ఈ ప్రశ్న వేసినరోజు గంట కొట్టినా ఎవరూ లేవరు.

ఒక్క జాగ్రత్త. మా, ఊరు అనే జత పెడితే కొందరు 'మాయూరు' అని, చాలామంది 'మావూరు' అని అంటారు. సంధి జరగనిచోట రెండు అచ్చుల మధ్య యకారం వస్తుందనే యడాగమ సూత్రం ప్రకారం మొదటిది. మాట్లాడేటప్పుడు పెదవులు గుండ్రంగా చుట్టే అచ్చుల ముందు వకారం రావడం మనందరికీ అలవాటే. రెండో జవాబును తప్పని కొట్టేయకండి. వచ్చిండు, వచ్చాడు, వచ్చినాడు కూడా ఇలాగే. తెలంగాణ, కోస్తా, సీమ పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చునే కాలేజీల్లో ఒకరి ఇంటి మాటను తప్పుల జాబితాలో వేస్తే, ఆ పిల్లవాడు ఇక ఏడాదంతా క్లాసులో నోరు విప్పడు. 'ప్రామాణిక గ్రంథ రూపం', 'మాట్లాడే రూపం' అని బోర్డు మీద రెండు గళ్ళు గీసి, రెండింటికీ చోటివ్వండి.

రెండో ఆట: కంప్యూటర్ లెక్క, చెవి లెక్క

ఇది ల్యాబులో పది నిమిషాల పని. కానీ అక్షరం అంటే ఏమిటో దీనికన్నా బాగా తెలిసే దారి నాకు దొరకలేదు.

ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ తెరవమనండి. ఒక గడిలో 'అమ్మ' అని టైపు చేయించండి. ఇందులో ఎన్ని అక్షరాలు? రెండు అంటారు. పక్క గడిలో, పొడవు లెక్కపెట్టే లెన్ (LEN) ఫార్ములా వేయించండి. నాలుగు అని చూపిస్తుంది. ఇప్పుడు 'క్షేత్రం'. చెవికి రెండు అక్షరాలే, కంప్యూటర్ ఎనిమిది అంటుంది. గ్రూపులవారీగా కాగితం మీద ఆ ఎనిమిదీ ఏవో రాయమనండి. క, పొల్లు గుర్తు, ష, ఏత్వం, త, పొల్లు గుర్తు, ర, సున్నా. సరిగ్గా ఎనిమిది.

యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 స్థానాల్లో ఒత్తులకు విడిగా చోటు లేదు. హల్లు, దాని తర్వాత పొల్లు గుర్తు, ఆ తర్వాత ఇంకో హల్లు. ఇలా మూడు గుర్తులు కలిస్తేనే ఒత్తక్షరం తెర మీదకు వస్తుంది. హల్లులోంచి అచ్చు తీసేస్తే పొల్లు, పొల్లుకు ఇంకో హల్లు తగిలితే సంయుక్తాక్షరం అని వ్యాకరణం చెప్పేదీ ఇదే. బీసీఏ పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్ళ కళ్ళల్లో వెలుగు చూడాలి. వాళ్ళ సబ్జెక్టు మన క్లాసులోకి వచ్చింది మరి!

దీన్ని పోటీగా మార్చడం తేలిక. చెవికి మూడు అక్షరాలే ఉండి, కంప్యూటర్ లెక్కలో అన్నిటికన్నా పెద్ద సంఖ్య వచ్చే తెలుగు మాటను ఎవరు తెస్తారు? మాట నిఘంటువులో ఉండాలి. స్వాతంత్ర్యం అని ఒకరంటారు, దాన్ని మించింది వెతకడానికి ఇంకొకరు నిఘంటువు తిరగేస్తారు. సంయుక్తాక్షరం, సంశ్లేషాక్షరం (రెండుకు మించి హల్లులు కలిసేది) తేడా వాళ్ళంతట వాళ్ళే అడిగి తెలుసుకుంటారు.

మూడో ఆట: ఛందస్సు షీటు

గురు లఘువులు నేర్పేటప్పుడు గిన్నె గుర్తు, నిలువు గీత బదులు అంకెలు వాడండి. లఘువు పలకడానికి పట్టే కాలం ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. కాబట్టి లఘువుకు 1, గురువుకు 2. అంకెలైతే కంప్యూటర్‌కూ ఎక్కుతాయి.

షీటు తెరవక ముందు ఐదు నిమిషాలు బల్ల మీద తట్టించండి. పిల్లలు ఎక్కువగా తప్పేది ఒక్కచోటే. 'బస్సు' అన్న మాటలో ఒత్తు ఉన్నది 'స్సు' మీద కాబట్టి అదే గురువు అనుకుంటారు. తట్టిస్తే తెలుస్తుంది, నొక్కు పడేది 'బ' మీద. ఒత్తు బరువు దాని ముందున్న అక్షరం మీద పడుతుంది. బస్సు, గుర్రం, అక్క, చెట్టు అంటూ చేత్తో తట్టి, చెవితో విని, అప్పుడు అంకె వేయాలి.

తర్వాత షీటులో మొదటి వరసలో గడికి ఒక అక్షరం చొప్పున పద్యపాదం టైపు చేయాలి. రెండో వరసలో 1 లేదా 2. మూడో వరసలో మూడేసి గడుల అంకెల్ని & గుర్తుతో కలిపే ఫార్ములా. పక్కన ఎనిమిది గణాల, అంటే మూడేసి గురు లఘువుల కట్టల, పట్టిక పెట్టుకోవాలి, అంకెలు ముందు గడిలో, పేరు తర్వాతి గడిలో: మ 222, భ 211, జ 121, స 112, న 111, య 122, ర 212, త 221. వీలుకప్ (VLOOKUP) ఫార్ములాతో ఆ పట్టికలో వెతికిస్తే గణం పేరు దానంతటదే వస్తుంది.

ఇక్కడ దాదాపు ప్రతి బ్యాచ్ ఇరుక్కుపోయే చోటు ఒకటుంది, ముందే చెబుతాను. & తో కలిపితే వచ్చే 212 కంప్యూటర్ దృష్టిలో సంఖ్య కాదు, రాత. పట్టికలో మనం మామూలుగా కొట్టిన 212 సంఖ్య. రెండూ కంటికి ఒకటే, అయినా కంప్యూటర్ దొరకలేదంటుంది. పట్టికలోని అంకెల ముందు ఒక్క ' గుర్తు పెడితే సరిపోతుంది. ఇది తెలియక నేను ఒక పీరియడ్ మొత్తం పోగొట్టుకున్నాను.

షీటు తయారయ్యాక వాళ్ళ పాఠంలోని ఉత్పలమాల పాదం ఒకటి వేయమనండి. 211 212 111 211 211 212 12 అని వరసగా వస్తే భ, ర, న, భ, భ, ర, వ (చివర మిగిలే 12 పేరు వ). ఇరవై అక్షరాలు. రాకపోతే గురు లఘువుల్లో ఎక్కడో తప్పారు. ఎక్కడ తప్పారో వాళ్ళే వెతుక్కోవాలి. 'భరనభభరవ' అని బట్టీ కొట్టిన పిల్లలకూ, తాము వేసిన అంకెల్లోంచి అది బయటకు రావడం చూసిన పిల్లలకూ చాలా తేడా ఉంటుంది.

'యమాతారాజభానసలగం' అన్న పాత కొండగుర్తును కూడా ఇదే షీటులో వేయించండి. 1222121112 వస్తుంది. అందులో ఏ మూడు పక్కపక్క అంకెలు తీసుకున్నా ఒక గణం. ఎనిమిది గణాలూ ఒక్కొక్కసారే వస్తాయి, ఏదీ రెండోసారి రాదు. కంప్యూటర్ సైన్సు పిల్లల్ని ఇది నిజమో కాదో తేల్చి చూపించమనండి. పది అంకెల్లో ఇంత పొందిగ్గా అమర్చిన మన పెద్దల బుర్రకు వాళ్ళే దండం పెడతారు.

ఇక ఆటవెలది. ఉత్పలమాల లాంటి వృత్తాల తర్వాత దీనికి రండి. దీని కోసం ఒక పద్యం నేనే కట్టుకున్నాను, కాలేజీ పిల్లల మాటల్లో:

బస్సు లేటు వచ్చె బండెక్కి పోదమా
క్లాసు మొదలు కాగ గంట కొట్టె
సారు చూచి నవ్వి సరె రండి కూర్చోండి
పద్య మొకటి చెప్పి పైన మాట

మొదటి పాదం అంకెల్లో 21 21 21 221 212. మూడు సూర్యగణాలు (21 లేదా 111), రెండు ఇంద్రగణాలు (వాటి పట్టిక కింద ఉంది). యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు, నాలుగో గణం మొదటి అక్షరం మీద: బ, బం. రెండో పాదం 21 111 21 21 21, అన్నీ సూర్యగణాలే. యతి క్లా, గం. క, గ ఒకే వర్గానివి కాబట్టి చెల్లుతుంది. నాలుగో పాదంలో ప, పై. అకారానికి ఐకారంతో మైత్రి ఉంది.

ఈ పద్యం బోర్డు మీద రాసినరోజు ఒక అమ్మాయి లేచి ఆక్షేపణ చెప్పింది. బాలవ్యాకరణం ప్రకారం ఇకారానికి సంధి ఏమి, మఱి, అది, ఇది వంటి కొన్ని మాటలకే, 'బండి' ఆ జాబితాలో లేదు, మరి 'బండెక్కి' ఎలా రాశారు అని. నిజమే. బాలవ్యాకరణం 1858 నాటిది, గ్రంథభాషకు రాసింది. మనం మాట్లాడేటప్పుడు బండెక్కి అనే అంటాం. సరే, సూత్రం ప్రకారమే వెళ్దాం, 'బండి యెక్కి' అని మార్చి షీటులో వేయండి అన్నాను. 2121 వచ్చింది. ఇంద్రగణాల పట్టిక చూడమన్నాను: 1111, 1112, 1121, 211, 212, 221. 2121 అందులో లేదు, పాదం కుంటుపడింది. సంధి చేస్తే గణం నిలబడుతోంది, చేయకపోతే పడిపోతోంది. సంధి పాఠం, ఛందస్సు పాఠం వేరువేరు చాప్టర్లు కావని ఆ రోజు క్లాసంతటికీ ఒకేసారి తెలిసింది. ఆ పాదాన్ని వ్యాకరణానికి కట్టుబడి మళ్ళీ రాయమని ఇంటిపని ఇచ్చాను. మీరూ ఇవ్వండి.

'ఛందం' అని ఇంటర్నెట్‌లో ఒక ఉచిత పరికరం ఉంది, పద్యం పెడితే గణాలు, యతిప్రాసలు విడదీసి చూపిస్తుంది. మంచి పరికరం. కానీ షీటు చేతితో తయారు చేశాకే దాన్ని పరిచయం చేయండి. ముందే చూపిస్తే అది చెప్పింది రాసుకుంటారు, తర్వాత చూపిస్తే తమ జవాబు సరిచూసుకుంటారు.

ఫోన్లతో చిన్న పనులు

ల్యాబు దొరకని రోజుల కోసం ఇవి. గ్రూపుకు ఒక్క ఫోను చాలు. ఫోను లేని పిల్లలు ఉంటారు, అది గుర్తు పెట్టుకుని పని పంచండి.

వాయిస్ టైపింగ్ ఆట: ఫోన్ కీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ పెట్టి, చీటీ మీద ఉన్న ఒక్కో మాట పలకాలి. పలకం, ఫలకం. శంకరుడు, సంకరం. భారం, బారెడు. ఫోను ఏం రాస్తుందో చూసి, చీటీతో పోల్చాలి. వాక్యం పలికితే ఫోను సందర్భాన్ని బట్టి ఊహించి సరిచేసేస్తుంది, అందుకే విడి మాటలే పలికించండి. ఒత్తులు మింగేసేవాళ్ళకు ఇది అద్దం లాంటిది. ఫోను ఒక్కోసారి తనే తప్పు వింటుందని కూడా చెప్పండి, లేకపోతే పిల్లలు తమ ఉచ్చారణే తప్పనుకుని బెంగ పడతారు.

టైపింగ్‌లో ఇంకో చిక్కు. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించే కీబోర్డు తప్పుల్ని దాచేస్తుంది, ఎందుకంటే సరైన రూపం అదే సూచిస్తుంది. వర్ణక్రమం నేర్పే రోజున నేరుగా తెలుగు అక్షరాలుండే కీబోర్డు పెట్టి, సూచనలు ఆపేయమనండి.

గూగుల్ ఫారమ్స్‌లో క్విజ్ పెడితే రాత జవాబులకు ఒకటికి మించి సరైన రూపాలు ఇవ్వవచ్చు. మేనల్లుడు, మేనయల్లుడు రెండూ పెట్టండి. చివర ఒక ఖాళీ పడినా, కంటికి కనపడని విభాజక గుర్తు మధ్యలో వచ్చినా సరైన జవాబు తప్పుగా పడుతుంది. అందుకే ఫారమ్ ఇచ్చిన మార్కుల్ని ఫైనల్ చేయకముందు జవాబులన్నీ ఒకసారి కంటితో చూడండి.

ఇప్పుడు పిల్లలందరి చేతుల్లో చాట్‌బాట్లు ఉన్నాయి. వద్దంటే చాటుగా వాడతారు. నేను ఎదురుగానే వాడిస్తున్నాను. పది పదాలు ఇచ్చి, విడదీసి సంధి పేరు చెప్పమని చాట్‌బాట్‌ను అడగాలి, వచ్చిన జవాబుల్లో తప్పులు పట్టుకోవాలి. తెలుగు సంధుల్లో, గణవిభజనలో ఇవి తరచూ తడబడతాయి, అదీ ఎంతో నమ్మకంగా. తప్పు పట్టిన ప్రతిసారీ ఆ తప్పు ఎందుకు తప్పో ఒక వాక్యం రాయాలి. మార్కులు ఆ వాక్యానికే.

అవధానం నుంచి తెచ్చుకోగల ఆటలు

ఆటగా వ్యాకరణం నేర్పడం మనకు కొత్తేమీ కాదు. అవధానంలో పృచ్ఛకులు వేసే చిక్కులన్నీ భాషతో ఆడే ఆటలే. క్లాసుకు సరిపోయేలా కాస్త తేలిక చేసుకుంటే చాలు.

నిషిద్ధాక్షరిలో ఒకరు వాక్యాన్ని అక్షరం అక్షరంగా కడుతుంటే, ఎదుటివాళ్ళు ప్రతి అడుగులో ఒక అక్షరాన్ని నిషేధిస్తారు. పద్యం అక్కర్లేదు, వచనంలో ఒక వాక్యం చాలు. అక్షరం దొరకక విభక్తి మార్చి, బహువచనం చేసి, క్రియను తిప్పి దారి వెతుక్కుంటారు. దత్తపదికి నాలుగు మాటలిచ్చి ఒక్క వాక్యంలో ఇమడ్చమనండి, అందులో రెండు సమాసాలైనా ఉండాలన్న షరతు పెట్టండి. వ్యస్తాక్షరిలో పది అక్షరాల వాక్యంలోని అక్షరాల్ని వరస తప్పించి, సంఖ్యతో సహా మధ్యమధ్యలో చెబుతారు, చివర వాక్యం పూర్తిగా పలకాలి. గిడుగు రామమూర్తి జయంతి, ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం ఎలాగూ జరుపుతారు. ఉపన్యాసాలు రెండు తగ్గించి, వేదిక మీద ఈ మూడూ పెట్టించి చూడండి. పృచ్ఛకులుగా బీకాం పిల్లలే కూర్చోవాలి.

గ్రూపులు, మార్కులు, కాస్త ఓపిక

గ్రూపులు మీరే వేయండి. వాళ్ళకు వదిలేస్తే తెలుగు బాగా వచ్చినవాళ్ళంతా ఒకచోట చేరతారు. ప్రతి గ్రూపులో పలికేవారు, రాసేవారు, ఆక్షేపించేవారు, లెక్క రాసేవారు ఉండాలి, వారం వారం ఆ పనులు మారాలి. ఉర్దూ మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదివి వచ్చిన పిల్లలకు మొదట లెక్క రాసే పని ఇవ్వండి. నాలుగు వారాలకు వాళ్ళు వింటూ వింటూ ఆక్షేపణలు చెప్పడం మొదలుపెడతారు.

ఆటలో వచ్చిన మార్కుల్ని ఇంటర్నల్స్‌లో కలపకండి. కలిపితే ఆట పోయి టెన్షన్ మిగులుతుంది. ఇంటర్నల్స్‌కు చివరి ఐదు నిమిషాల కాగితాలు వాడుకోండి. నెలకోసారి వాటిని వరసగా పేర్చి చూస్తే ఎవరు ఎక్కడ ఆగిపోయారో తెలుస్తుంది. సవర్ణదీర్ఘం దగ్గరే నెలంతా తిరుగుతున్న పిల్లవాణ్ణి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని పది నిమిషాలు మాట్లాడండి. ఆ పని ఏ ఆటా చేయదు.

ల్యాబు కోసం కంప్యూటర్స్ లెక్చరర్‌ను వారం ముందే అడగండి, వీలైతే ఆయన్నో ఆమెనో క్లాసులో ఉండమనండి. కరెంటు పోతుంది, నెట్ ఆగిపోతుంది, తెలుగు ఫాంటు ఒక మెషీన్‌లో గళ్ళు గళ్ళుగా కనపడుతుంది. అందుకే ల్యాబుకు వెళ్ళే రోజు కూడా చీటీల డబ్బా సంచిలో ఉండాలి.

ఏడాది చివర ఒక పీరియడ్ మిగుల్చుకోండి. ప్రతి గ్రూపూ పది కొత్త జతలు రాసి, సమాధానాలతో సహా డబ్బాలో వేసి, జూనియర్లకు అప్పగించాలి. పోయినసారి మా పిల్లలు రాసిన చీటీల్లో 'హాస్టలు, అన్నం' అనే జత ఉంది. వెనకవైపు చిన్న అక్షరాలతో సమాధానం: హాస్టలన్నం, ఉత్వసంధి. కింద ఎవరో పెన్సిల్‌తో రాశారు: షష్ఠీ తత్పురుష కూడా, ఆక్షేపణ ఉంటే చెప్పండి.